ఎవరి కురులో... ఎవరి సిగలో!

అసలు జుట్టా, సింథటికా? రెమీయా, మామూలుదా? సవరం నుంచి హెయిర్‌ ఎక్స్‌టెన్షన్‌ దాకా... కొనే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు

పెళ్లికూతురి వీపున నడుము దాటి జారే పూలజడ. కూచిపూడి వేదిక మీద తెర మీదుగా సత్యభామ వేసే జడ. కీమోథెరపీ మొదలయ్యాక నలుగురిలోకి రావడానికి ఓ తల్లి పెట్టుకునే విగ్గు. పెళ్లిచూపులకు ముందు ఓ కుర్రాడు నడినెత్తిన అతికించుకునే హెయిర్‌ ప్యాచ్‌. వీటన్నిటికీ కావాల్సింది మరొకరి జుట్టు, లేదంటే జుట్టులా కనిపించే పోగు.

ఇప్పుడది బ్యూటీ పార్లర్లలోనూ ఆన్‌లైన్‌ దుకాణాల్లోనూ హెయిర్‌ ఎక్స్‌టెన్షన్‌ పేరుతో దొరుకుతోంది. కొన్ని వందల రూపాయలకూ వస్తుంది, పదుల వేలు పెట్టినా వస్తుంది. ప్యాకెట్‌ మీద ‘హండ్రెడ్‌ పర్సెంట్‌ హ్యూమన్‌ హెయిర్‌’, ‘రెమీ’, ‘వర్జిన్‌’, ‘హీట్‌ రెసిస్టెంట్‌’ అంటూ రకరకాల మాటలుంటాయి. ప్రపంచానికి ఇంత జుట్టు అందిస్తున్న తెలుగు నేల మీదే ఆ మాటలకు అర్థం చెప్పేవాళ్లు తక్కువ. అర్థం తెలియక కొన్నవాళ్లకు డబ్బూ పోతుంది, ఒక్కోసారి సొంత జుట్టూ పోతుంది.

ఈ సరుకు విషయంలో ముందు అడగాల్సింది ధర కాదు, పుట్టుక. అది ఎక్కడ మొదలైందో తెలిస్తే ఎన్నాళ్లు మన్నుతుందో, దేనికి తట్టుకుంటుందో, దాని వెనక ఎవరి శ్రమ ఉందో అన్నీ తెలిసిపోతాయి.

కొత్త మోజేం కాదు

జడ పొడవు పెంచుకోవడం మన ఇళ్లలో నిన్నా మొన్నా మొదలైంది కాదు. అమ్మమ్మల కాలంలో దువ్వెనకు వచ్చిన వెంట్రుకల్ని చుట్టచుట్టి చూరులోనో గోడ గూట్లోనో దోపేవారు. అవి పోగయ్యాక సవరం అల్లించుకునేవారు. పండక్కీ పెళ్లికీ ఆ సవరాన్ని సొంత పాయలతో కలిపి అల్లి, కింద జడకుచ్చులు వేలాడదీస్తే ఏది ఎవరి జుట్టో పోల్చుకోవడం కష్టం.

కూచిపూడి వారికి జడ అలంకారం ఒక్కటే కాదు, పాత్రలో భాగం. భామాకలాపంలో సత్యభామ ప్రవేశానికి ముందే ఆమె జడ తెర మీద నుంచి ప్రేక్షకులకు కనిపిస్తుంది. ఆ పాత్రతో దేశమంతా పేరు తెచ్చుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మ పురుషుడు. ఆడవేషానికి ఆయన తెచ్చిన నిండుదనంలో ఆహార్యానికీ వాటా ఉంది, అందులో జడది పెద్ద వాటా. ఇవాళ అమెరికాలో కూచిపూడి నేర్చుకునే తెలుగు పిల్లల రంగప్రవేశానికి కూడా నగలతో పాటు సవరమూ ఇక్కణ్నుంచే వెళుతోంది.

సముద్రానికి అటువైపు కూడా ఈ విద్య పాతదే. 1950ల ఆరంభంలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌కు చెందిన క్రిస్టినా జెన్‌కిన్స్‌ అనే నల్లజాతి మహిళ, అదనపు జుట్టును సొంత జుట్టుతో కలిపి కుట్టే పద్ధతికి పేటెంట్‌ తీసుకున్నారు. సెలూన్లలో ఇప్పుడు ‘వీవింగ్‌’ అంటున్నదానికి దారి వేసింది ఆమే. ఆఫ్రికా దేశాల్లో, అమెరికా నల్లజాతి సమాజంలో జుట్టు అల్లిక అనేది తరాల నుంచి వస్తున్న సంస్కృతి. సింథటిక్‌ పోగులు పెద్ద ఎత్తున అమ్ముడయ్యేదీ అక్కడే.

పొలుసుల్లో ఉంది అసలు రహస్యం

వెంట్రుక అంటే కెరాటిన్‌ అనే ప్రొటీన్‌. మాడు పైకి వచ్చిన భాగంలో ప్రాణం ఉండదు. దాని పైపొరను మైక్రోస్కోప్‌ కింద చూస్తే పలుచని పొలుసులు ఒకదాని మీద ఒకటి, పెంకుటింటి కప్పు మీద పెంకులు పరిచినట్టు, కుదురు నుంచి కొస వైపు వాలి ఉంటాయి. కుదురు దగ్గర పట్టుకుని కొస దాకా వేళ్లు జార్చితే నున్నగా పోతుంది. కొస నుంచి పైకి జార్చితే గరుకుగా తగులుతుంది. అలా తగిలేది ఆ పొలుసుల అంచే.

ఈ ఒక్క సంగతి మీద కోట్ల వ్యాపారం నిలబడి ఉంది. ఒకే తల నుంచి, కుదుళ్లన్నీ ఒకవైపు ఉండేలా కట్టగట్టి కోసిన జుట్టులో పొలుసులన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి. అందుకే అది చిక్కుపడదు. దాన్నే ‘రెమీ’ అంటారు. రంగు, పెర్మింగ్‌, స్ట్రెయిటెనింగ్‌ లాంటి రసాయనాలేవీ సోకని జుట్టు ‘వర్జిన్‌’. రెండూ ఒకటి కావు. రెమీ జుట్టుకు రంగు వేసి అమ్మవచ్చు, అప్పుడది వర్జిన్‌ కాదు.

కుదుళ్లూ కొసలూ తారుమారైన జుట్టులో పక్కపక్క వెంట్రుకల పొలుసులు ఎదురెదురుగా వస్తాయి. రాసుకున్నప్పుడల్లా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నాలుగు రోజుల్లోనే ఉండలు కట్టే ఎక్స్‌టెన్షన్ల అసలు జబ్బు ఇదే. ఇలాంటి జుట్టును అమ్మకానికి పనికొచ్చేలా చేయడానికి ఆమ్లంలో నానబెట్టి పొలుసుల్ని తీసేస్తారు, పైన సిలికాన్‌ పూత వేస్తారు. దుకాణంలో అది అసలైన రెమీ కన్నా ఎక్కువ మెరుస్తుంది. తలంటుళ్లు పడేకొద్దీ పూత కరిగిపోతుంది. లోపల మిగిలేది కవచం లేని పొడి వెంట్రుక. ప్యాకెట్‌ మీది ‘నూరు శాతం మానవ కేశం’ అబద్ధం కాదు, కానీ కొనేవాళ్లకు కావాల్సిన సమాచారం అందులో లేదు.

పొడవు లెక్క కూడా తెలుసుకోవాలి. జుట్టు నెలకు సుమారు ఒకటింపావు సెంటీమీటర్లు పెరుగుతుంది. అంటే 24 అంగుళాల జడ ఒక మనిషి నాలుగేళ్ల ఎదుగుదల. ఏ తలలోనూ వెంట్రుకలన్నీ ఒకే పొడవున ఉండవు కాబట్టి సహజంగా కోసిన కట్ట పైన ఒత్తుగా, కింద పలచగా ఉంటుంది. దాన్ని ‘సింగిల్‌ డ్రాన్‌’ అంటారు. పొట్టి వెంట్రుకల్ని ఏరేసి, కింది దాకా ఒకే ఒత్తు ఉండేలా కూర్చితే ‘డబుల్‌ డ్రాన్‌’. దానికి ఒకరి జుట్టు చాలదు. ధర పెరగడానికి కారణం అదే.

కల్యాణకట్ట నుంచి కంటెయినర్‌ దాకా

ప్రపంచ మార్కెట్లో రెమీకి పెద్ద పేరు తెచ్చింది దక్షిణ భారతంలోని గుళ్లు. వాటిలో ముందు చెప్పుకోవాల్సింది తిరుమల. గొడ్డలి దెబ్బకు శ్రీనివాసుడి శిరస్సున కొంత జుట్టు పోతే, నీలాదేవి తన కురులు కోసి అక్కడ అద్దిందనీ, భక్తులు ఇచ్చే తలనీలాలు ఆమెకే చేరతాయనీ కొండమీద చెప్పుకునే కథ. కల్యాణకట్ట రాత్రింబవళ్లు పనిచేస్తుంది. రుసుము లేదు. మహిళలకు గుండు చేయడానికి మహిళా క్షురకులున్నారు. గుండు వద్దనుకున్నవాళ్లు మూడు కత్తెరలు ఇస్తారు. ‘నిన్న స్వామిని దర్శించుకున్న భక్తులు, తలనీలాలు సమర్పించినవారు, హుండీ కానుకలు’ అని రోజూ దేవస్థానం ఇచ్చే ప్రకటనలో తలనీలాల సంఖ్య తరచూ ఇరవై వేలు దాటుతుంది.

ఇలా చేరిన జుట్టును పొడవును బట్టి రకాలుగా విడదీస్తారు. 31 అంగుళాలు దాటింది అన్నిటికన్నా మేలు రకం. 16 నుంచి 30 అంగుళాలది తర్వాతి రకం. అలా దిగుతూ 5 అంగుళాల లోపుది ఒకటి, తెల్ల వెంట్రుకలు విడిగా ఒకటి. వీటిని దేవస్థానం ఈ-వేలంలో అమ్ముతుంది. 2024-25 బడ్జెట్‌లో తలనీలాల అమ్మకం మీద అంచనా వేసుకున్న రాబడి సుమారు 150 కోట్ల రూపాయలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోని ఇతర పెద్ద గుళ్లలోనూ తలనీలాలకు ఏటా వేలం పాట జరుగుతుంది.

పొట్టి వెంట్రుకలు కూడా వృథా పోవు. వాటి నుంచి ఎల్‌-సిస్టీన్‌ లాంటి అమైనో ఆమ్లాలు తీస్తారు. పొడవైన జుట్టు మాత్రం ఏలూరు, చెన్నై వంటి ఊళ్లలోని ఎగుమతి యూనిట్లకు వెళుతుంది.

ఆ యూనిట్లలో జరిగే పనిని దగ్గర నుంచి చూస్తేనే ధర అర్థమవుతుంది. చెక్క బల్లకు ఇనుప మేకులు వరుసగా బిగించి ఉంటాయి, మొనలు పైకి. కార్మికురాలు గుప్పెడు జుట్టును కుదుళ్ల వైపు గట్టిగా పట్టుకుని, కొసను మేకుల మీదికి విసిరి తనవైపు లాగుతుంది. చిక్కు విడుతుంది, తెగినవీ పొట్టివీ మేకుల మధ్య మిగిలిపోతాయి. మళ్లీ విసురు, మళ్లీ లాగుడు. ఆ తర్వాత ఒకే పొడవున్న వెంట్రుకల్ని చేత్తో ఏరి, కుదుళ్ల వైపు దారం చుట్టి కట్టలు కడతారు. ఈ మొత్తం పనిలో ఎక్కడా కుదురూ కొసా తారుమారు కాకూడదు. ఒక్కసారి కట్ట జారి నేలమీద చెల్లాచెదురైతే అది రెమీ కాకుండా పోతుంది. ఆ తర్వాతే శుద్ధి చేయడం, రంగు తీయడం, యంత్రం మీద పట్టీలుగా కుట్టడం. మన జుట్టు మందం చైనా జుట్టు కన్నా తక్కువ, ఐరోపావాళ్ల జుట్టుకు దగ్గరగా ఉంటుంది. నల్లరంగు తీసి బంగారు రంగు వేసినా వాళ్ల తలలో కలిసిపోతుంది. గిరాకీకి అదొక పెద్ద కారణం.

ఈ వ్యాపారం దేశాల రాజకీయాలతోనూ మతాలతోనూ ముడిపడింది. 1960ల మధ్యలో అమెరికా కమ్యూనిస్టు చైనా జుట్టుతో చేసిన విగ్గుల్ని రానివ్వనప్పుడు కొనేవాళ్ల చూపు ఇతర ఆసియా దేశాల మీద పడింది. 2004లో జెరూసలేంకు చెందిన యూదు మతపెద్ద యోసెఫ్‌ షాలోమ్‌ ఎల్యాషివ్‌, గుళ్లో సమర్పించిన జుట్టుతో చేసిన విగ్గులు తమ మతానికి నిషిద్ధమని తీర్పు చెప్పారు. సంప్రదాయ యూదు వివాహితలు విగ్గుతో తల కప్పుకుంటారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లోనూ ఇజ్రాయెల్‌లోనూ వీధుల్లోకి వచ్చి తమ విగ్గుల్ని తగలబెట్టినవాళ్లున్నారు. 2020లో చైనాలోని షిన్‌జియాంగ్‌ నుంచి వచ్చిన 13 టన్నుల జుట్టు సరుకును, నిర్బంధ శ్రమతో తయారైందన్న అనుమానం మీద అమెరికా కస్టమ్స్‌ అధికారులు పట్టుకున్నారు. జుట్టు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న ఆ రోజు పోర్టు దాకా వెళ్లింది.

చిక్కు వెంట్రుకల బాట

“చిక్కెంటికలకు స్టీలు సామానే!” అన్న కేక వినని తెలుగు ఊరు ఉండదేమో. సైకిల్‌ మీదో బండి మీదో వచ్చి, ఇంట్లో దాచిన చిక్కును తూకం వేసుకుని గిన్నో గ్లాసో, పిల్లలకు పీచుమిఠాయో ఇచ్చి వెళతారు. మనిషి తల నుంచి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. ఆ రాలినవే ఊరూరా పోగై బస్తాలవుతాయి.

గుడి జుట్టు మాదిరిగా ఇది కట్టగా రాదు, ఉండగా వస్తుంది. విడదీయడం అంతా చేతిపనే. కర్ణాటకలోని కొప్పళ ప్రాంతంలో, పశ్చిమ బెంగాల్లో, మయన్మార్‌లో వేలమంది ఆడవాళ్లు నేలమీద కూర్చుని, సూది లాంటి పుల్లతో ఒక్కో వెంట్రుకనూ లాగి వేరుచేస్తారు. ఆ దుమ్ము ముక్కులోకీ కళ్లలోకీ పోతుంది. కూలి తక్కువ. మానవ శాస్త్రవేత్త ఎమ్మా టార్లో 2016లో వెలువరించిన ‘ఎంటాంగిల్‌మెంట్‌’ పుస్తకం ఈ జుట్టు దారుల వెంట తిరిగి, కొనేవాళ్లకు కనపడని ఆ శ్రమను లోకానికి చూపింది. విడదీసిన సరుకులో చాలా భాగం చేరేది చైనాలోని హెనాన్‌ రాష్ట్రం షుచాంగ్‌ పట్టణానికి. ప్రపంచ విగ్గుల రాజధాని అని దానికి పేరు.

ముడి జుట్టును తక్కువ ధర చూపించి మయన్మార్‌ మీదుగా చైనాకు తరలిస్తున్నారనీ, దానివల్ల ఇక్కడి శుద్ధి కేంద్రాలకు పని లేకుండా పోతోందనీ మన పరిశ్రమ చాలాకాలం మొరపెట్టుకుంది. 2021లో మిజోరంలో సరిహద్దు దగ్గర వెంట్రుకల బస్తాలు పట్టుబడ్డాయి. అదే ఏడాది హైదరాబాద్‌లోనూ గోదావరి జిల్లాల్లోనూ జుట్టు వ్యాపారుల మీద ఈడీ సోదాలు జరిగాయి. 2022 జనవరిలో కేంద్రం ముడి జుట్టు ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. ఆ తర్వాత, కిలోకు 65 డాలర్లకు తగ్గని ధర ఉన్న సరుకునే స్వేచ్ఛగా పంపుకోవచ్చన్న నియమం తెచ్చింది. మంచి నియమమే. కానీ ఆ ధరలో వాటా, చిక్కు దాచి ఇచ్చిన ఇల్లాలికీ, విప్పిన కూలి మనిషికీ చేరినప్పుడే న్యాయం పూర్తవుతుంది.

చిక్కు వెంట్రుకలో కుదురేదో కొసేదో తెలియదు. అందుకే ఆమ్లం, సిలికాన్‌ పూత ఎక్కువగా పడేది దీని మీదే. చవగ్గా దొరికే ‘అసలు జుట్టు’లో చాలావరకు ఇదే.

యంత్రంలో పుట్టిన పోగు

సింథటిక్‌ జుట్టు మొదలయ్యేది పెట్రో రసాయనాలతో. పాలిమర్‌ను ద్రవంగా మార్చి, సన్నటి రంధ్రాల గుండా పిండి, సాగదీస్తే పోగులు వస్తాయి. జపాన్‌కు చెందిన కనేకా సంస్థ 1957 నుంచి తయారుచేస్తున్న ‘కనేకలోన్‌’ వీటిలో పేరున్నది. అది మోడాక్రిలిక్‌ రకం, నిప్పు తొందరగా అంటుకోదు. ఇవి కాక పీవీసీ పోగులు, నైలాన్‌, కాస్త వేడిని తట్టుకునే పాలిస్టర్‌ రకాలు ఉన్నాయి.

వీటి మంచీ చెడూ రెండూ ఆ పుట్టుకలోనే ఉన్నాయి. తయారీలో వేడితో పెట్టిన వంపు అలాగే ఉండిపోతుంది. ఉంగరాల జుట్టు కొంటే తలంటినా ఉంగరాలే. వానలో తడిసినా ఆకారం చెడదు. అసలు జుట్టు తన బరువులో మూడో వంతు దాకా నీరు పీల్చుకుంటుంది, అందుకే తడిస్తే రూపు మారుతుంది. సింథటిక్‌ దాదాపు పీల్చదు, త్వరగా ఆరుతుంది. తేలిక, చవక. నాటకానికి, ఫొటోషూట్‌కు, ఒక్కరోజు వేడుకకు ఇది చక్కగా సరిపోతుంది.

వేడి దగ్గరే చిక్కు. మామూలు సింథటిక్‌కు ఐరన్‌ పెడితే కరిగి అంటుకుపోతుంది. ‘హీట్‌ రెసిస్టెంట్‌’ అని రాసి ఉన్నా ప్యాకెట్‌ మీద చెప్పిన ఉష్ణోగ్రత దాటకూడదు. పొయ్యి సెగకూ, ప్రెషర్‌ కుక్కర్‌ ఆవిరికీ, ఓవెన్‌ తలుపు తీసినప్పుడు వచ్చే వేడి గాలికీ ముందు వైపు పోగులు ముడుచుకుపోతాయి. రంగు వేస్తే పట్టదు. మెడ దగ్గర బట్టకు రాసుకున్నచోట కొన్ని నెలల్లోనే చింపిరిగా తయారవుతుంది. తర్వాత చెత్తకుప్పకు చేరితే మట్టిలో కలవదు.

ఆరోగ్యం మాటకు వస్తే, అమెరికాలోని వినియోగదారుల సంస్థ కన్స్యూమర్‌ రిపోర్ట్స్‌ 2025లో పది రకాల సింథటిక్‌ అల్లిక జుట్టును పరీక్షించింది. అన్నిటిలోనూ క్యాన్సర్‌ కారకాలు, గాలిలో కలిసే రసాయనాలు దొరికాయి. పదింటిలో తొమ్మిదింట సీసం బయటపడింది. మార్కెట్లోని ప్రతి సరుకూ అలాంటిదేనని దీన్నిబట్టి చెప్పలేం. కానీ పిల్లల తలకు వారాల తరబడి ఉంచే సరుకులో ఏముందో తయారీదారు చెప్పి తీరాలని అడిగే హక్కు మనకు ఉంది. ఇంటికి తెచ్చాక ఘాటైన ప్లాస్టిక్‌ వాసన వస్తే వాడకండి. మాడు మండినా దురద పెట్టినా వెంటనే తీసేయండి.

కొనేముందు చేతిలోకి తీసుకుని చూడండి

వేళ్ల పరీక్ష: ఓ సన్నని పాయను తీసుకుని కుదురు నుంచి కొసకు, కొస నుంచి కుదురుకు వేళ్లు జార్చండి. కిందికి నున్నగా, పైకి కాస్త గరుకుగా ఉంటే పొలుసులు ఉన్నాయి, ఒకే దిక్కున ఉన్నాయి. రెండువైపులా జారుడుగా ఉంటే పూత వేసింది కావచ్చు, సింథటిక్‌ కావచ్చు.

నిప్పు పరీక్ష: రెండు మూడు వెంట్రుకల్ని పట్టకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని వెలిగించండి. అసలు జుట్టు చిటపటమని కాలి, కమురు వాసన వచ్చి, నలిపితే బూడిదవుతుంది. సింథటిక్‌ కరిగి గట్టి పూసలా మిగులుతుంది, ప్లాస్టిక్‌ వాసన వస్తుంది. కల్తీ సరుకులో రెండూ కలిసి ఉంటాయి, అందుకే వేర్వేరు పాయల నుంచి తీసి చూడాలి.

తడి పరీక్ష: వీలైతే చిన్న పాయను షాంపూతో రెండు మూడుసార్లు కడిగి ఆరనివ్వండి. మెరుపు పోయి ఉండ కడితే అది సిలికాన్‌ మెరుపే.

మెరుపు: ఎండలో చూడండి. చవక సింథటిక్‌ ఒకే తీరుగా గాజు మెరుపు మెరుస్తుంది. అసలు జుట్టులో ఒక్కో వెంట్రుక నలుపు ఒక్కో రకంగా ఉంటుంది.

బిల్లు: రకం, పొడవు, బరువు గ్రాముల్లో, రంగు వేసిందా లేదా అన్నవి బిల్లు మీద రాయించుకోండి. పొడవు కొలిచేటప్పుడు ఉంగరాల జుట్టును సాగదీసి కొలుస్తారని గుర్తుంచుకోండి.

తగిలించే తీరులో తేడా వస్తే...

సరుకు ఎంత మంచిదైనా, తగిలించే పద్ధతి తప్పితే నష్టపోయేది సొంత జుట్టు. బిగుతైన జడ, ముడి, బరువు కుదుళ్లను అదేపనిగా లాగితే జుట్టు ఊడే జబ్బును ‘ట్రాక్షన్‌ అలోపీషియా’ అంటారు. వైద్యులు దీన్ని వందేళ్ల కిందటే, 1907లో, గ్రీన్‌లాండ్‌ మహిళల్లో గుర్తించి రాశారు. నుదుటి అంచున, చెవుల పైన జుట్టు పలచబడటం, చిన్న పొక్కులు, జడ విప్పగానే మాడు నొప్పి దీని తొలి గుర్తులు. అప్పుడే లాగుడు ఆపితే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి సాగితే కుదుళ్లు మూసుకుపోయి శాశ్వతంగా పోతుంది.

అన్నిటికన్నా క్షేమమైనది క్లిప్పులతో పెట్టుకునేది. వేడుక అయిపోగానే తీసేయాలి, పెట్టుకుని నిద్రపోకూడదు. టేపు రకాన్ని ఆరు నుంచి ఎనిమిది వారాలకు తీసి మళ్లీ పెట్టించుకోవాలి. కెరాటిన్‌ జిగురుతో అతికించేది మూడు నాలుగు నెలలు ఉంటుంది. దాన్ని తగిన ద్రావణంతో నిపుణులే తీయాలి, ఇంట్లో పీకితే సొంత వెంట్రుకలు కుదుళ్లతో సహా వస్తాయి. కుట్టే పద్ధతిలో అల్లిక బిగుతుగా ఉండకూడదు, కింద మాడు శుభ్రంగా ఆరాలి. మగవాళ్ల ప్యాచ్‌కూ ఇదే వర్తిస్తుంది. జిగురు కింద చెమట నిలిస్తే దురద, ఇన్ఫెక్షన్‌ తప్పవు.

తలకు నూనె పెట్టే అలవాటు మనకు ఎక్కువ. టేపు, జిగురు రకాలకు ఆ నూనె తగిలితే పట్టు వదిలేస్తాయి. ఎక్స్‌టెన్షన్‌ జుట్టుకు మాడు నుంచి సహజ తైలం అందదు కాబట్టి దానికి కండిషనర్‌ తప్పనిసరి. బోరు నీళ్లలోని లవణాలు దాన్ని బిరుసుగా మారుస్తాయి, చివరి కడుగు మంచి నీళ్లతో చేస్తే మేలు. నల్లరంగు వేయించే ముందు మోచేతి మడతలో కొంచెం రాసి 48 గంటలు ఆగండి, కొందరికి ఆ రంగుల్లోని పీపీడీ అనే రసాయనం పడదు. ఎంఆర్‌ఐ స్కానింగ్‌కు వెళ్లేటప్పుడు లోహపు క్లిప్పులు, రింగులు ఉన్నాయని ముందే చెప్పాలి.

ఎవరికి ఏది?

ఏడాదికి రెండు మూడు వేడుకలకే అయితే క్లిప్పుల సవరం చాలు, మంచి సింథటిక్‌ అయినా పర్వాలేదు. రోజూ వాడాలి, ఐరన్‌ పెట్టుకోవాలి, సొంత జుట్టులో కలిసిపోవాలి అనుకుంటే రెమీ కొనాలి. మధ్యలో ఊరిస్తున్న ధరకు దొరికే పేరులేని ‘హ్యూమన్‌ హెయిర్‌’ కన్నా, నిజాయతీగా సింథటిక్‌ అని చెప్పి అమ్మే సరుకే నయం. నాట్యం నేర్చుకునే పిల్లలకు బరువు తక్కువగా ఉండేది చూడాలి. పొడవు మోజులో బరువైన జడ కడితే మెడ, కుదుళ్లు రెండూ దెబ్బతింటాయి.

క్యాన్సర్‌ చికిత్స తీసుకునేవారి సంగతి వేరు. చాలా కీమో మందులకు మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లో జుట్టు రాలడం మొదలవుతుంది, చికిత్స ముగిశాక కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. ఆ కొద్దికాలానికి అప్పు చేసి ఖరీదైన విగ్గు కొననక్కర్లేదు. లోపల మెత్తటి గుడ్డ ఉన్న, తేలికైన సింథటిక్‌ విగ్గు మాడును ఇబ్బంది పెట్టదు, చూసుకోవడమూ తేలికే. జుట్టు రాలకముందే ఎంచుకుంటే రంగూ తీరూ పోల్చుకోవచ్చు. వంటింటి సెగకు మాత్రం దూరంగా ఉండాలి.

విగ్గుల కోసం జుట్టు దానం చేయాలనుకునే అమ్మాయిలు ఇప్పుడు పెరుగుతున్నారు. సంతోషించాల్సిన మాట. సేకరించే సంస్థలు సాధారణంగా 12 అంగుళాలకు తగ్గని జుట్టు అడుగుతాయి. తలంటుకుని పూర్తిగా ఆరనిచ్చి, కోసే చోటికి కింద రబ్బరు బ్యాండ్లు బిగించి, ఆ కట్ట విడిపోకుండా కోయించండి. నేలమీద పడి కలిసిపోయిన జుట్టు విగ్గుకు పనికిరాదు. తడిగా సంచిలో పెడితే బూజు పడుతుంది.

ఇక్కడ జుట్టు ఇచ్చేవాళ్లు రకరకాలు. మొక్కు తీర్చుకునే తల్లి భక్తితో ఇస్తోంది. చిక్కు అమ్మే ఇల్లాలు ఓ గిన్నె కోసం ఇస్తోంది. దానం చేసే అమ్మాయి ముఖం తెలియని రోగి కోసం ఇస్తోంది. వాళ్లలో ఎవరిచ్చింది అమ్ముతున్నా దాని రకం, దారి దాచకుండా చెప్పడం అమ్మేవాడి బాధ్యత. అడగడం కొనేవాళ్ల బాధ్యత. ఈసారి పార్లర్‌కో దుకాణానికో వెళ్లినప్పుడు మూడే మూడు ప్రశ్నలు వేయండి: ఇది ఎక్కడిది, కుదుళ్లు ఒకవైపే ఉన్నాయా, దీనికి ఏ రసాయనాలు పట్టించారు? జవాబు చెప్పలేనివాళ్ల దగ్గర కొనకండి.